క్రిస్టీనా పాట మీద దుర్గారావు తీర్పు

రొయ్యల సూర్యారావు పేరెత్తితే చాలు, దుర్గారావు కంచం ముందునించి ఎంగిలి చేత్తో లేచి వచ్చేసేవాడు. “నా తోటని ఉప్పెట్టి చంపేడండీ ఆ సూర్యారావు. మనిషిని పొడిస్తే కేసుంది. చెట్టుకి ఉప్పునీళ్ళు పట్టిస్తే ఏ సెక్షనండీ?” అని ఎదటివాడి చొక్కా గుండీ పట్టుకుని అడిగేవాడు. ఎదటివాడు “ఆయ్, అన్యాయమేనండి” అని గుండీ విడిపించుకుని తన దారిన తను పోయేవాడు. అలా రెండేళ్ళు గడిచాయి.

జరిగింది ఇదీ. మలికిపురం దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊళ్ళో, దుర్గారావుకి తాత నాటిన చిన్న కొబ్బరితోట ఒకటుంది. ఇల్లూ అందులోనే, బతుకూ అందులోనే. తోటకి తూర్పునున్న వరిచేలని సూర్యారావు కొని రొయ్యల చెరువులు తవ్వించాడు. రెండేళ్ళ కిందట ఫాల్గుణమాసంలో ఓ తెల్లవారుజామున చెరువు గట్టు సరిగ్గా తోట వైపే తెగింది. మోకాలి లోతు ఉప్పునీళ్ళు పదకొండు రోజులు నిలిచాయి. ఆ ఏడు పిందె రాలిపోయింది. మరుసటేడు మట్టలు పసుపెక్కి వేలాడాయి. కాయ దింపుకొచ్చే మనిషి కింద నిలబడి పైకి చూసి, చెట్టెక్కకుండానే చుట్ట కాల్చుకుని పోయేవాడు.

“పీతలు బొరియలు పెట్టేసేయి, గట్టు తెగింది. నన్నేం చెయ్యమంటావు? పీత మీద కేసెట్టుకో” అన్నాడు సూర్యారావు తన ముక్కుగొంతుతో, పదిమందిలో. పదిమందీ నవ్వారు. చూడ్డానికొచ్చిన ఉద్యోగి కూడా ‘పీత బొరియల వల్ల సహజంగా పడిన గండి’ అని రాసుకుపోయాడు. దుర్గారావు అమలాపురంలో పై అధికారికి అర్జీ పెట్టుకున్నాడు. ఆరు వాయిదాలు పడ్డాయి. ఏడోది వచ్చే సోమవారం. అది కూడా పోతే తోట పోయినట్టే. చచ్చిన తోటని కారుచౌకగా కొని చెరువులో కలిపేసుకుందామని సూర్యారావు గట్టు మీద కుర్చీ వేసుకుని కాచుక్కూర్చున్నాడు.

దుర్గారావు చదువు ఏడో తరగతితో సరి. లెక్కల మాస్టారు చెవి మెలితిప్పిన రోజున పుస్తకాలు కాలవలో పారేసి మైకుసెట్టు బండెక్కాడు. ముప్ఫై ఐదేళ్ళు పెళ్ళిళ్ళకీ, తీర్థాలకీ, ఎన్నికలకీ గొట్టాలు కట్టాడు. తర్వాత డీజే బాక్సులొచ్చి అతని కడుపు మీద కొట్టాయి. మిగిలినవి ఒక ఆంప్లిఫయరు, నాలుగు రేకు గొట్టాలు, ఒక నోరు. ఆ నోటితో మూడేళ్ళుగా ఫోనులో చానలు నడుపుతున్నాడు. పేరు ‘దుర్గారావు తీర్పు’. ఇంట్లో కూర్చుని సొంతంగా పాట కట్టుకుని రికార్డు చేసుకునేవాళ్ళు ఇప్పుడు ఊరికి నలుగురున్నారు. వాళ్ళు పాటలు పట్టుకొచ్చి అతని చేత తిట్టించుకుంటారు. పొగిడితే పాతికమంది చూస్తారు. దుర్గారావు తిడితే పద్నాలుగు వేలమంది చూస్తారు.

తిట్టేముందు వినడంలో మాత్రం అతనికో నిష్ఠ ఉంది. చెవిలో కుక్కుకుని వినడు. “చెవిలో ఎట్టుకుని విన్నది పాట కాదండి, చెవిపోటు. గాలిలో పడ్డాక బతికితేనే పాట” అంటాడు. పాటని ఆంప్లిఫయరుకి కలిపి, కొబ్బరిచెట్టుకి కట్టిన గొట్టంలో పెట్టి, తను నడుచుకుంటూ తోట చివరి గట్టుదాకా వెళ్ళి, వెనక్కి తిరిగి నిలబడి వింటాడు. అతను విన్నదల్లా ఊరూ వినాల్సిందే. ఊరు అలవాటుపడిపోయింది.

రెండో శనివారం పొద్దున్న పదిగంటలకి క్రిస్టీనా స్కూటీ మీద వచ్చింది. సత్యం మాస్టారి కూతురు. మలికిపురంలో ఓ ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. ఇంట్లో వెనకగదికి నాలుగు గోడలా కొబ్బరిపీచు పట్టాలు కొట్టించుకుని, తలుపులేసుకుని, గిటారూ తనే, పాటా తనే, అరుపూ తనే. రాక్ పాటలంటారు వాటిని. ఏడేళ్ళలో పంతొమ్మిది పాటలు చేసింది. వాళ్ళ నాన్నగారు కూడా పూర్తిగా విన్నది ఒక్కటీ లేదు.

“రండి మేడమ్ గారూ” అన్నాడు దుర్గారావు, మడతకుర్చీలోంచి లేవకుండా. “తిట్టించుకోడానికేనా?”

“ఆయ్. తిట్టండి, పర్లేదండి. వినండి చాలు.”

“పేరేంటి పాటకి?”

“‘కడుపులో మోటారు’ అండి.”

“అజీర్తి పాటా?”

“నిద్దర పట్టని పాట బాబాయ్ గారూ” అంది ఆవిడ నవ్వకుండా, లాప్‌టాప్ తీసి వైరు చేతికిస్తూ.

“డ్రమ్ము ఎవరు వాయించేరు?”

“డ్రమ్ము లేదండి. సూర్యారావు గారి చెరువులో ఏరేటరు. నీళ్ళలో గాలి కలపడానికి చక్రాలు తిరుగుతాయి కదండీ, ఆ చప్పుడే తాళం.”

దుర్గారావు కుర్చీలోంచి లేచాడు. “నా చెట్లని చంపినోడి చెరువులో తాళం దొరికిందా నీకు? ఊళ్ళో పిండిమరలు లేవా? వడ్లమిల్లు లేదా?”

“చెరువేం చేసిందండి, చేస్తే మనిషి చేసేడు గానీ. ఇది రెండేళ్ళ కిందటి రికార్డింగు. మురుగుకాలవ గట్టు మీద రికార్డరు పెట్టి, మట్ట కప్పి, సాయంత్రమంతా వదిలేసేను. నాలుగ్గంటల చప్పుడు. అందులోంచి ముక్కలు కోసి కుట్టేను. చివర్లో ఎవరో గొణుక్కుంటున్నారు. అది భలే ఊపుగా పడింది, మూడో చరణం వెనకాల తిప్పి తిప్పి వాడేసేను.”

“ఏమని గొణుక్కుంటున్నారు?”

“తెలీదండి. చక్రం మోత కింద మునిగిపోయింది. నాక్కావలసింది మాట కాదు కదండీ, ఊపు.”

దుర్గారావు చెట్టు కింద స్విచ్చి వేసి, చేతులు వెనక్కి కట్టుకుని నడిచాడు.

పాట మొదలైంది. గిటారు గరగరమంది. తాళం పట్టుకునేసరికి కుక్కరు విజిలొకటి కూసింది. దాని వెనకాల క్రిస్టీనా గొంతు, సానరాయి మీద కత్తి పెట్టినట్టు లేచింది. ‘నాలో ఒక మోటారు తిరుగుతాది, ఆపే స్విచ్చి ఎవరింట్లో ఉందో’. దుర్గారావు నడుస్తూనే తిట్లు పోగుచేసుకున్నాడు. తీగ దిగింది ఒకటి. తొందర రెండు. కుక్కరు మూడు. గట్టు చివర నిలబడి మూడో చరణం దగ్గర నాలుగో తిట్టు వెతుక్కుంటుండగా చెవి నిక్కబొడుచుకుంది.

రేకు గొట్టానికో గుణముంది. కింది మోత దానికి పలకదు. ఎంత లావు మోతైనా గొట్టంలో సన్నగిల్లిపోతుంది. మనిషి గొంతు ఒక్కటే పైకి లేస్తుంది, అందుకే కదా దాన్ని చాటింపులకి వాడేది. ఏడేళ్ళుగా చెవుల్లో పెట్టుకు వింటున్న క్రిస్టీనాకి వినపడనిది, ముప్ఫై ఐదేళ్ళు గొట్టం కింద బతికినవాడికి వినపడింది. చక్రాల మోత చెరుగుతున్న చేటంత చప్పుడైపోయి, దాని మీద ముక్కుతో మాట్లాడే ఒక గొంతు నిలబడింది.

‘గట్టు కొట్టెయ్. పీతలనేద్దాం. గట్టు కొట్టెయ్. పీతలనేద్దాం.’

పదకొండుసార్లు. తోట మీదా, చెరువుల మీదా, అవతల రోడ్డు మీదా.

దుర్గారావు నాలుగో తిట్టు మరిచిపోయాడు. పరుగెత్తుకొచ్చి పాట ఆపాడు. “ఏ రోజు? ఏ రోజు తీసేవు ఇది?”

క్రిస్టీనా లాప్‌టాప్ మీదకి వంగింది. ఆవిడా విన్నది. లాప్‌టాప్‌లో తేదీ చూసింది. చూసి, తెర అతని వైపు తిప్పింది. గట్టు తెగిన తెల్లవారుజాముకి ముందురోజు సాయంత్రం.

దుర్గారావు మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పెట్టాడు. చెరువులో తెప్ప మీద నిలబడి రొయ్యలకి మేత జల్లుతున్న వీరబాబు, సూర్యారావు దగ్గర అన్నీ తానై ఉండే మనిషి, చెయ్యి గాల్లో ఆపేసి ఇటు తిరిగాడు. జేబులోంచి ఫోను తీశాడు.

“ఆపండి బాబాయ్ గారూ!” అంది క్రిస్టీనా. “సోమవారం అమలాపురంలో వినిపిద్దాం. అసలు రికార్డింగు అంతా ఇందులోనే ఉంది, ఇంకెక్కడా లేదు. వైరు తియ్యండి, నే ఇంటికి పట్టుకెళ్ళి ఇంకో కాపీ చేస్తాను.”

“తీస్తాను. ఇంకొక్కసారి.”

“అటు చూడండి, వీరబాబు ఫోను చేస్తున్నాడు!”

“చెయ్యనీ. రెండేళ్ళు ఊరంతా నన్ను చూసి నవ్వింది. ఒక్కపూట ఊరంతా విననీ.”

సోమవారానికి మధ్య ఆదివారం ఒక్కటే ఉంది. నోరు మూసుకుని ఆ ఒక్కరోజు కూర్చుంటే తోట దక్కేది. కానీ పాట విన్నాక తీర్పు చెప్పకుండా దుర్గారావు ఎన్నడూ లేచి వెళ్ళలేదు. ఫోను చెట్టుకి ఆనించి, ఎర్రబటను నొక్కి, గొంతు సవరించుకున్నాడు.

“నమస్కారమండీ. ‘దుర్గారావు తీర్పు’. ఈవేళ పాట ‘కడుపులో మోటారు’. కట్టిందీ, పాడిందీ, వాయించిందీ అంతా ఒక్కరే, క్రిస్టీనా గారు. ముందు పాట గురించి చెప్తాను, పాటకి అన్యాయం చెయ్యకూడదు. గిటారుకి నాలుగో తీగ దిగిపోయింది, ఆవిడికి తెలీదు. గొంతు తాళం కంటే ముందు పరిగెడతాది, బస్సు తప్పిపోతాదన్నట్టు. కుక్కరు విజిలు ఎందుకెట్టేరో కుక్కర్నే అడగాలి. కానీ ‘ఆపే స్విచ్చి ఎవరింట్లో ఉందో’ అన్న ముక్క ఉందే, అది అబద్ధం కాదండి. అది నిద్రపట్టనోడు రాసింది. ఆ ముక్కకి పదికి మూడు మార్కులిస్తున్నాను. మిగతా ఏడు మార్కులూ మూడో చరణం వెనకాల పాడిన గాయకుడికి. ఆయన పేరు సూర్యారావు. రొయ్యల సూర్యారావు. వినండి, ఎంత శ్రుతిలో పాడేడో!”

గొట్టంలో ఆ ముక్క పెట్టి, ఫోనుకి వినిపించి, చానల్లో ఎక్కించేశాడు. తర్వాత కూడా వైరు వదల్లేదు. క్రిస్టీనా లాప్‌టాప్ లాక్కుంటే ఇవ్వలేదు. “ఇంకొక్కసారి, ఇంకొక్కసారి” అంటూ, రెండేళ్ళ ఆకలి మీదున్నవాడు కంచం వదలనట్టు, వదల్లేదు. ముప్పావుగంట గడిచిపోయింది.

మూడు మోటారు సైకిళ్ళొచ్చాయి. సూర్యారావు, వీరబాబు, చెరువు మనుషులు ముగ్గురు. సూర్యారావు తెల్లచొక్కాకి చేతులు మడుచుకుంటూ, నెమ్మదిగా దిగాడు. ఆంప్లిఫయరు పెట్టిన బల్ల మీద కూర్చున్నాడు.

“ఏవండీ దుర్గారావు గారూ. తీర్పు చెప్పేరంట కదండీ.”

“ఆయ్, చెప్పేను.”

“మరి శిక్ష కూడా చూసుకోవాలి కదండీ.”

వీరబాబు కొబ్బరికత్తితో చెట్టు తాడు తెంపాడు. గొట్టం మూడు నిలువుల ఎత్తునించి పడి, రేకు చొట్టబోయి, వెనకాలుండే ఇనుప యూనిట్టు ఊడి దొర్లింది. రెండోవాడు ఆంప్లిఫయర్ని ఎత్తి నూతి చప్టా మీద వేసి కొట్టాడు. దుర్గారావు వాళ్ళ మీదకి ఉరికాడు. ఉరికినవాణ్ణి వెదురుగడతో మోకాళ్ళ మీద కొట్టారు. పడ్డాక డొక్కలో కొట్టారు. వాళ్ళకి కోపమేం లేదు. చెరువులో పాచి లాగే మనుషులు పాచి లాగినట్టే, ఓ వరసన కొట్టుకుపోయారు. ఒక దెబ్బకి లోపల ఏదో విరిగి, ఊపిరి తీసుకుంటే గుచ్చుకోవడం మొదలెట్టింది. మట్టి నోట్లోకి పోయింది. ఆ మట్టి ఇంకా ఉప్పగానే ఉంది.

క్రిస్టీనా లాప్‌టాప్‌ని గుండెకి హత్తుకుని స్కూటీ వైపు పరుగెట్టింది. వీరబాబు జడ పట్టుకుని వెనక్కి లాగాడు. ఆవిడ పడింది గానీ లాప్‌టాప్ వదల్లేదు. అతని ముంజేతి మీద కరిచింది. పళ్ళు దిగాయి. వీరబాబు బూతు మాటతో అరిచి, ఆవిడ ఎడంచేతిని లాగి, కాయలు కొట్టే మొద్దు మీద అదిమిపెట్టాడు.

“వీరబాబూ, కత్తి తిప్పు” అన్నాడు సూర్యారావు, మొక్కకి నీళ్ళు పొయ్యమన్నట్టు. “వెనకవైపు చాలు. చదువుకున్నావిడ.”

వీరబాబు కత్తి తిప్పి వెనకవైపుతో కొట్టాడు. ఒకసారి. రెండోసారి. ఎండుమట్ట విరిచిన చప్పుడైంది. క్రిస్టీనా అరుపు మాత్రం వెంటనే రాలేదు. నోరు తెరుచుకుంది, గొంతు కొంతసేపటికి వచ్చింది. వీరబాబు లాప్‌టాప్ తీసుకుని గట్టెక్కి, రొయ్యల చెరువులోకి, పలక విసిరినట్టు విసిరేశాడు.

ఆ ఎముకల చప్పుడు దుర్గారావు చెవిలో పడింది. ఆ తర్వాత ఏమైందో పోలీసులకి చెప్పినప్పుడు వరస గుర్తురాలేదతనికి. గడలు పట్టుకున్నవాళ్ళు అటు చూస్తున్నారు. అతని చేతికి ఊడిపడిన గొట్టం యూనిట్టు తగిలింది. రెండు కిలోల అయస్కాంతం. విరిగిన డొక్కతో లేచాడు. సూర్యారావు బల్ల మీదనించి సగం లేస్తున్నాడు. ఆ సగం లేచినవాడి దవడ మీద కొట్టాడు.

సూర్యారావు మాట్లాడబోతున్న మాట పళ్ళతో కలిసి బయటికొచ్చింది. తెల్లచొక్కా ముందంతా ఎర్రబడింది. వెనక్కి పడ్డాడు. దుర్గారావు అతని గుండెల మీద మోకాలేసి మళ్ళీ కొట్టాడు. “గట్టు కొట్టెయ్” అన్నాడు. కొట్టాడు. “పీతలనేద్దాం” అన్నాడు. కొట్టాడు. దవడ ఓ పక్కకి పోయింది. కనుబొమ్మ చీలి కంట్లోకి రక్తం కారింది. కొడుతున్నకొద్దీ అతని చెయ్యి తేలికైంది. రెండేళ్ళలో ఏనాడూ అంత హాయిగా ఊపిరాడలేదు. చంపేద్దామన్న తలపు కూడా కాదది. తాళం తప్పకుండా కొట్టాలి, అంతే.

గడలు పట్టుకున్నవాళ్ళు రక్తం చూసి గడలు పారేసి పరుగెట్టారు. వీరబాబు గట్టు మీదనించి దిగడానికి జంకాడు. దుర్గారావు భార్య భవాని రేషను సంచీతో అప్పుడే వచ్చి, సంచీ వదిలేసి, మొగుడి జుట్టు రెండు చేతులా పట్టుకుంది. “సచ్చిపోతాడు! ఆడు సచ్చిపోతే నువ్వు పోతావు! వదులు!” అని అతని వీపు మీద తలతో పొడిచింది. క్రిస్టీనా పాకుతూ వచ్చి, బాగున్న చేత్తో అతని మణికట్టు పట్టుకుని వేలాడిపోయింది. ఇద్దరాడవాళ్ళూ లాగితే గానీ అయస్కాంతం చేతిలోంచి ఊడలేదు.

ఎవరికెన్ని దెబ్బలు తగిలాయో పోలీసుల కాగితం మీద పడేసరికి లెక్క మారిపోయింది. క్రిస్టీనా చెయ్యి తోపులాటలో మొద్దు మీద పడి విరిగింది. దుర్గారావు డొక్క చెట్టు తగిలి విరిగింది. సూర్యారావు దవడ మాత్రం చంపాలని కొడితేనే విరిగింది. హత్యాయత్నం రాశారు. దుర్గారావు ఇరవై రెండు రోజులు లోపలున్నాడు. అమలాపురంలో సోమవారం పేరు పిలిచారు. పలికినవాడు లేడు. అర్జీ కొట్టేశారు.

చానల్లో ఎక్కిన వీడియో మాత్రం లక్ష దాటింది. మొదట అందరూ సూర్యారావుని తిట్టారు. తర్వాత, ఈరోజుల్లో కంప్యూటరు ఎవరి గొంతైనా తెచ్చేస్తుందట అన్నాడెవడో. అసలు రికార్డింగు ఏదీ అన్నాడింకోడు. అది చెరువు అడుగున ఉంది.

బెయిలు మీద వచ్చిన నాలుగో రోజున ఆంజనేయప్రసాద్ కబురంపాడు. రెండు వైపులా చుట్టరికం ఉన్న పెద్దమనిషి. ఊళ్ళో రాజీలన్నీ ఆయన వడ్లమిల్లు ఆఫీసుగదిలోనే జరుగుతాయి. దుర్గారావూ, భవానీ వెళ్ళేసరికి క్రిస్టీనాని కూడా పిలిపించి కూర్చోబెట్టారు. చేతికి మోచేతిదాకా కట్టు. ఎదురుగా సూర్యారావు. దవడకి తీగలు కట్టారు, నోరు తెరవలేడు. ఒళ్ళో పిల్లల నోటుపుస్తకం, చేతిలో పెన్ను. వెనకాల వీరబాబు.

“చూడు దుర్గారావూ” అన్నాడు ఆంజనేయప్రసాద్. “కేసు నడిస్తే ఏడేళ్ళో, పదేళ్ళో. కాదనుకుంటే రెండు దార్లున్నాయి. ఒకటి, ఆ గొంతు సూర్యారావుది కాదు, అమ్మాయి కంప్యూటర్లో పుట్టించింది అని నీ చానల్లో నీ నోటితో చెప్పు. ఈయన కోర్టులో గట్టు మీద కాలుజారి పడ్డానంటాడు. నీ తోట నీకుంటాది. రెండోది, ఆస్పత్రి ఖర్చులకింద తోట రాసేసి పో.”

“మొదటిది చెప్తాడండి” అంది భవాని వెంటనే. “చెప్తాడు. ఈ నోటితో ఎన్ని మాటలన్లేదు.”

“అమ్మాయి మీద కేసెడతారా?” అన్నాడు దుర్గారావు.

సూర్యారావు నోటుపుస్తకంలో రాసి చూపించాడు. ‘దొంగ గొంతు పుట్టించినందుకు పెడతాం.’

క్రిస్టీనా అంది: “చెప్పేయండి బాబాయ్ గారూ. నేను చూసుకుంటాను. ఉద్యోగం ఎలాగూ మానిపించేసేరు.”

“చెయ్యెలాగుంది?”

“రెండు వేళ్ళు వంగవంటండి.”

దుర్గారావు ఆ కట్టు వైపు చూసి, తల తిప్పుకున్నాడు. అతనికి ఆవిడ మీద జాలేమీ లేదు. పెద్ద అభిమానమూ లేదు. నీ చెరువు తాళం వల్లే కదా ఇదంతా అని లోపల తిట్టుకుంటున్నాడు కూడా. తోట కావాలి. అంతే. “సరే, చెప్తాను. పెట్టండి ఫోను” అన్నాడు.

బల్ల మీద ఫోను నిలబెట్టారు. వీరబాబు బటను నొక్కాడు.

“నమస్కారమండీ. ‘దుర్గారావు తీర్పు’. మొన్న నేను చెప్పిన తీర్పులో పొరపాటు దొర్లిందండి...”

“అలా గాలిలో కాదు” అన్నాడు ఆంజనేయప్రసాద్. “ఆ ముక్క వినిపించి, అక్కడ చెప్పు. జనం నమ్మాలి కదా.”

రెండో ఫోనులో ఆ ముక్క పెట్టారు. ‘గట్టు కొట్టెయ్. పీతలనేద్దాం.’ దుర్గారావు నోరు తెరిచాడు. దొంగ పాటలెన్నో తిట్టాడు, మంచి పాటలు కూడా కొన్ని తిట్టాడు, చుట్టాల పాటలు తిట్టి పెళ్ళిళ్ళకి పిలుపులు పోగొట్టుకున్నాడు. విన్నదాన్ని వినలేదని మాత్రం ఇంతవరకూ చెప్పలేదు. భవాని అతని తొడ గిల్లుతోంది.

“ఈ గొంతు...” అన్నాడు. భవాని చెయ్యి తోసేశాడు. “ఈ గొంతు కంప్యూటరుది కాదండి. ఈ గొంతున్నోడు నా ఎదురుగా కూర్చున్నాడు. సూర్యారావుదే.”

వీరబాబు చెంప మీద కొట్టిన దెబ్బకి దుర్గారావు కుర్చీతో సహా పడ్డాడు. మానుతున్న డొక్క మళ్ళీ గుచ్చుకుంది. లేవబోతే వీరబాబు కాలితో మెడ మీద తొక్కిపెట్టాడు. సూర్యారావు, తీగల మధ్యనించి గుర్రుమని శబ్దం చేస్తూ, పెన్ను కాగితం చిరిగేటట్టు నొక్కి ఒకే మాట రాసి ఎత్తి పట్టుకున్నాడు. ‘తోట.’

“కాలు తియ్యరా!” అని క్రిస్టీనా కట్టున్న చేత్తోనే వీరబాబు మొహం మీద కొట్టింది. కట్టు పగిలి రక్తం వచ్చింది, ఎవరిదో తెలీలేదు. ఆంజనేయప్రసాద్ లేచి “చాలు, చాలు, మిల్లులో వద్దు” అన్నాడు.

బయటికొచ్చాక భవాని మొగుడికి ముందు నడిచింది. రోడ్డు మీద మూడుసార్లు నడుము వంచి, చేతికందిన మట్టి తీసి అతని మొహాన కొట్టింది. అతను తుడుచుకోలేదు.

“నాకోసం అంత పని చెయ్యకుండా ఉండాల్సిందండి” అంది క్రిస్టీనా, స్కూటీ దగ్గర.

“నీకోసం చేసేననుకున్నావా? నువ్వెవత్తివి నాకు?” అన్నాడు. “పాట బాగోలేదు. నాలుగో తీగ సరిచేసుకో.”

ఇక మిగిలింది రెండో దారే, మరుసటి గురువారం రిజిస్ట్రారాఫీసులో సంతకం. దస్తావేజు రాసినతను కళ్ళజోడు సవరించుకుని పైకి చదివాడు. ఒక్కో మాటకీ వీరబాబు ఆయ్, ఆయ్ అంటున్నాడు. దుర్గారావు వాచిన బుగ్గ పట్టుకుని, తల వంచి, చివరిదాకా విన్నాడు. పడమర బోదె కాలవ, ఉత్తరం పుంతరోడ్డు, తూర్పున కొనుగోలుదారు చెరువు గట్టు, దక్షిణం పరాయివారి చేను. ఈ నాలుగు హద్దుల మధ్య, పెంకుటిల్లూ, మైకుషెడ్డూ, నుయ్యీ, కాపున్నవీ లేనివీ నలభై ఒక్క కొబ్బరిచెట్లూ కలిపి, డెబ్భై మూడున్నర సెంట్లు.